ఎడమచేతి ఆకురాయి

నెసోన్వోలో వాన. వెద్ర్ నది మీద మంచు.
పాత తుపాకీ గొట్టాన్ని తీగకి వేలాడదీసి
లెయొంతీన్ గోటితో మీటింది.
మొదట కంచులా మోగింది. అంతలోనే
జలుబు చేసిన గొంతులా బొంగురుపోయింది.

కొనడానికి వచ్చిన వెర్వియే ఉన్ని వ్యాపారి
వాచీ చూసుకున్నాడు.

గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి ఒక కన్ను మూసింది.
లోపల వెలుగు, ఉంగరాలు ఉంగరాలుగా.
జానెడు దూరంలో మాత్రం ఒక ఉంగరం
కొంచెం కుంటింది.

దూదితో ఆమ్లం అద్దింది.
ఇనుమూ ఉక్కూ మెలేసిన చారలు
జడపాయల్లా పైకి తేలి
ఒకచోట పాయ తప్పాయి.
ఇటు పాయకి అటు పాయ తోబుట్టువు కాదు.
మధ్యలో వెంట్రుకంత వెండి టంకం.

"ఎవడో ఘటికుడే!" అన్నాడు వ్యాపారి.

భూతద్దం కింద ఆకురాయి గీతలన్నీ
వాలకూడని వైపుకి వాలి ఉన్నాయి.
ఈ లోయలో ఎడమచేత్తో ఆకురాయి పట్టినవాడు ఒక్కడే.
ఆ చేత్తోనే ఆమె రొట్టెకి
అంచుల దాకా వెన్న రాసేవాడు.

కాగితం మీద రాసింది:
ఇరవై సెంటీమీటర్ల దగ్గర అతుకు. పేల్చరాదు.
పనివాడి పేరు అన్న గడి ఖాళీగా వదిలేసింది.

గొట్టాన్ని వేడినీళ్లతో కడిగి, తుడిచి,
ఆ సందు మీద బొటనవేలు
ఇంకో రెండుసార్లు నడిపింది.

వేలికి ఏమీ తగల్లేదు.