తరుగు

రాత్రి పదకొండుంబావు.
అనసూయ గుర్క పెడుతున్నది.
నేను ఫోన్ల పాట పాడుతున్న.

పాటంటే రాగం గాదు.
బాదేపల్లి యార్డుల ముప్పయ్యొక్క ఏండ్లు
పల్లికాయ కుప్పల నడుమ నిలవడి
సేటు పక్కన చిట్టా రాసిన పాట.
రెండువేల తొమ్మిదొందల ఎనభై... తొంభై... మూడోసారి.
ఆ అంకెలకు తాళం
హమాలీ కుర్మయ్య దగ్గు.

సాగర్ గేట్లెత్తిండ్రని టీవీల చూసి
ఒక్కసారి తోలుకపోవా అన్నది అనసూయ.
అడ్డ మీద నాలుగువేలన్నరు.
పక్కింటి ఇర్ఫాను, "నేను తోల్త గని
బండి ఇండ్ల పాడుకో తాతా" అని
ఈ యాప్ ఎక్కిచ్చి పోయిండు.

ఇదేం బేరమో!
బండి పేరు చెప్పడు,
ఎవరిదో చెప్పడు,
రంగు గూడ చెప్పడు.
ధర మటుకు నన్నే చెప్పమంటడు.
మొఖం జూడకుండ ధర కట్టుడు నాకు కొత్తనా?
సంతల తువాల కింద ఏళ్ళు వట్టి
ఎడ్ల జతను తెంపిన చెయ్యి ఇది.

తొమ్మిదొందలు కొట్టిన. ఎర్రగ మెరిసి ఆరిపోయింది.
వెయ్యిన్ని యాభై.
"చాన దగ్గరకొచ్చిండ్రు" అని ఉబ్బిచ్చిండు,
అచ్చం మా సేటు లెక్కనే.
ఆగిన.
నాలుగు దాటితే ఊరి బస్సు యాదికొచ్చి
రైతు మెత్తవడతడని
సేటు చెవుల చెప్పింది నేనే.
రేపటికి ఎవ్వరడగని బండి
అర్ధరాత్రి దాటితే మెత్తవడదా?

పన్నెండూ ఆరు నిమిషాలకు
వెయ్యిన్నూట ఇరవై.
పచ్చగ వెలిగింది.

గెలిచినోని మొదటి ఆలోచన ఏందో ఎరికేనా?
ఇంకో యాభై తగ్గిచ్చి చెప్పుంటే!
తెల్లారిందాక నిద్ర లేదు.

పొద్దుగాల బస్టాండ్ ఎదురుంగ
తెల్ల బండి తెచ్చింది ఒక పిల్ల.
పేరు కేతావత్ జమున.
సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఊడలే.
చుట్టు తిరుక్కుంట ఉన్న గీతలకు ఫోటోలు తీసింది.
"నాలుగు దినాలాయె, ఎవ్వరూ అడగలే.
ఐదో తారీకు కిస్తు.
రాత్రి సగం నిద్రల ఒప్పుకున్న తాతా,
ఒప్పుకున్నంక మల్ల నిద్ర రాలే.
ఇంకో వందకు ఆగితే ఏమాయె అని."

ఒక్క ధరకు అటొకరం ఇటొకరం
మేలుకున్నమన్న మాట.
ఆ సంగతి నేను చెప్పలే.

డిండి కాడ అనసూయ మక్కకంకులు కొన్నది.
యాభైకి మూడంట.
నాలుగియ్యమనబోతుంటే నా మోకాలు గిచ్చింది.

సాగర్ల నీళ్ళు తెల్లగ దుంకుతున్నయి.
చెప్పులు చేత వట్టుకొని నిలవడ్డది.
తుంపర మొఖానికి కొట్టినప్పుడల్లా
ఎవరో పిలిచినట్టు పక్కకు చూసింది.
బండెంతకు దొరికిందని ఆమె అడగలే.
నేను చెప్పవోతే నీళ్ళ సప్పుడుల ఇనవడలే.

తిరుగుట్ల బంకు కాడ ఆపిన్నం.
తెచ్చినప్పుడున్నంత పోసియ్యాలె, షరతు.
ముల్లు గీత కాడికొచ్చింది.
"చాలు తాతా" అన్నడు ఇర్ఫాను.
ఇంకో రెండు లీటర్లు పొయ్యనియ్యి, అన్న.

యార్డుల బస్తాకు కిలో తీసేటోళ్ళం.
మన్ను అని, తేమ అని,
ఏదీ లేకుంటే ఆనవాయితీ అని.
నా చెయ్యే రాసింది, నా దస్తూరి గుండ్రంగ ఉంటది.
ఆ కిలోలన్నీ కుప్పవోస్తే
ఈ రెండు లీటర్లు ఏ మూలకు?

జమున మల్ల గీతలు లెక్కవెట్టింది.
ముల్లు చూసి, "ఎక్కువ పోసిండ్రు" అన్నది.
"తరుగు, బిడ్డా."
"అంటే?"

తండాల పుట్టిన పిల్ల,
వాళ్ళ నాయిన పల్లికాయ బస్తాలు
బాదేపల్లికి రాకుండ ఎటు పోయుంటయి?
ఇంటికి పోయి చెప్పుకునే మాట గాదేమో.

అనసూయ సీటు కింద కంకిపీసు ఏరుతున్నది.
ఎన్ని చుక్కలిస్తరని ఫోన్ అడుగుతున్నది.
జమున బండెక్కి అద్దం సరిజేసుకున్నది.

ఐదో తారీకుకు ఇంకా మూడు దినాలున్నది.