మైనం బిళ్ళ

మూడు మైక్రాన్ల మందం.
ఊపిరి బిగబట్టి కోస్తాను,
ఫ్యాను గాలికే ముడుచుకుపోతుంది
సుంకులమ్మ రొమ్ములోంచి వచ్చిన ముక్క.

కర్నూలు పెద్దాసుపత్రి, పాథాలజీ కిటికీ అవతల
ఆమే నిలబడి చూసింది మొన్న:
"మేమూ కోస్తాం గదా నాయనా, బేతంచెర్లలో నాపరాయి.
రంపం మీద నీళ్ళు పడతానే ఉండాల, లేకుంటే పగుల్తాది.
పొర జూస్తే తెలిసిపోతాది నాకు, ఏ బండ నిలిచేదీ.
నీకేం తెలిసె?"

గులాబీ, ఊదా రంగులు తెలిశాయి.
కణాలు గీత దాటిన తీరు తెలిసింది.
లోపల అవి ఏం మాట్లాడుకుంటున్నాయో
నా గాజు పలక మీద వినపడదు.

అందుకే ఈ మైనం బిళ్ళ
రాత్రి బస్సుకు హైదరాబాదు పోతోంది.
ఖర్చులో సగం ట్రస్టుది, సగం ఆమె ఎత్తిన చీటీ.
అక్కడ ఇరవయ్యొక్క జీన్లను వరసగా అడుగుతారు,
ఎవరు గొంతు చించుకుంటున్నారు,
ఎవరు గొణుగుతున్నారు,
ఎవరు ఎప్పుడో నోరు కట్టేసుకున్నారు.
అన్నీ కూడితే ఒక అంకె.
చిన్నదైతే మాత్రలతో సరి.
పెద్దదైతే కీమో, జుట్టు, ఆరు నెలల కూలి.

ఫారంలో పేరు సుంకలమ్మ అని పడింది.
కొమ్ము దిద్దాను.
ఆ అంకె వేరే మనిషిని వెతుక్కుంటూ పోకూడదు.

పదహారో రోజు ఫోను.
"అంకె వచ్చెనా సామీ?"
రాలేదన్నాను.
వెనక రంపం గీపెడుతోంది.
ఫోను పెట్టెయ్యలేదు, నాతో మాట్లాడనూ లేదు,
ఎవరినో అరుస్తోంది:
"నీళ్ళురా! నీళ్ళు ఆగిపాయ, సూస్కో!"