కాలి

నాలుగో బుధవారం.
కాశీనగర్ ఆసుపత్రి వెనక గది.
రిజిస్టరులో ఒడియా గీతలు, వాటి పక్కన
పెన్సిలుతో నా తెలుగు:
దండాసి. పోయిన నెల ఎడమ, ఈ నెల కుడి.

సూది వేసే వైపు మారుస్తూ ఉండాలి.
తొమ్మిదేళ్లుగా మారనిది
అతని గోళ్ల కింద సైకిలు చైను నూనె.

మొదటిసారి
వదిన తవిటమ్మ అతని నడుముకి పాతచీర కట్టి
రెండో కొస తన మణికట్టుకి చుట్టుకొని తెచ్చింది.
ఆ ముడి నేను విప్పలేదు.
రెండో కుర్చీ వేశాను.
రెండు మేకలు, ఒక తాయెత్తు, బరంపురంలో పదకొండు రోజులు
ఆమె లెక్క చెప్తుంటే రాసుకున్నాను.

అతను గోడకేసి చూస్తూ అన్నాడు:
"ఆళ్లంతా తెలుగులోనే మాటాడతన్నారు నర్సమ్మా.
మా అయ్య గొంతు. మా ఈదిలోవోల గొంతులు.
నువ్వూ తెలుగే మాటాడితే
నిన్నెలాగ ఆనవాలు పట్టీది?"

ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదిది.
పాతపట్నంలో పుట్టినదాన్ని,
నా ఒడియా బస్సు టికెట్టు దాకానే.
ఆ రాత్రి ఆయా కుంతల పొయ్యి ముందు
పొగకి కళ్లు తుడుచుకుంటూ నేర్చుకున్నాను:
కెమితి అఛొ. నిదొ హేలా కి.
ఎలా ఉన్నావు. నిద్ర పట్టిందా.

వంశధార పొంగిన ఏడు మందు రాలేదు.
పర్లాకిమిడి స్టోరులో సంతకాలు, ఖాళీ అట్టపెట్టెలు.
ఆరు సీసాలు చేతిసంచీలో పెట్టుకొని
నేను వచ్చేసరికి పదిహేడు రోజుల ఆలస్యం.

కొట్టులో సైకిళ్లన్నీ విప్పేశాడు.
గుమ్మం చుట్టూ మట్టిలో పువ్వలు గుచ్చి
దడి కట్టుకున్నాడు.
తవిటమ్మ అరుగు మీద, అన్నం గిన్నె ఒళ్లో, చల్లారిపోయి.

దడికి ఇవతల గొంతుక్కూర్చున్నాను.
ఒడియాలో నిన్నకీ రేపుకీ ఒకటే మాట, కాలి.
ఏ రోజో చెప్పాల్సింది క్రియ.
నిన్న మాత్ర వేసుకున్నావా అని అడగబోయి
"కాలి ఔషధొ ఖాయిబొ?" అన్నాను.

చాలాసేపు ఏమీ లేదు.
ఎవరిదో మేక వచ్చి నా సంచీ వాసన చూసి పోయింది.

తర్వాత చీకట్లోంచి, విసుగ్గా:
"ఖాయిలొ అనాల.
రేపు తింతానో నేదో నానేటి సెప్పగల్ను?"

చెయ్యి బయటికొచ్చి
ఒక్క పువ్వ పీకింది.
నేను పట్టేంత సందు కాదు.
చెయ్యి పెట్టేంత.

ఈ బుధవారం టీ ఇచ్చాను.
గ్లాసు పెదవి చేరేలోపు
ఎంత తొణికిందో చూస్తాను, అది నా పరీక్ష.
సాసరులో రెండు చుక్కలు.
చేతి వణుకు తగ్గిందని డాక్టరుకి చెప్పాలి.
గొంతులు పోయాయా అని అడగను.
"అయ్య ఈమజ్జిన పేరెట్టి పిలవడు," అన్నాడు తనే.
బాగుందో బాధో తెలీని మొహంతో.

లేచి, చొక్కా సర్దుకొని,
గుమ్మం దగ్గర నన్ను ఏడిపించడానికి
"కాలి" అన్నాడు.
క్రియ లేకుండా.

రిజిస్టరులో రాశాను: వచ్చే నెల ఎడమ.