తీగలు లేని ఊరు

రాయదుర్గంల పద్నాలుగో అంతస్తు.
కొత్త ఆఫీసు, రంగు వాసన ఇంకా పోలే,
కుర్చీల పాలిథిన్ కవర్లు ఊడదియ్యలే.
గోడలన్నీ మాకే అప్పజెప్పిన్రు.
లిఫ్టు కాడ న్యూయార్క్, క్యాంటీన్ల పారిస్,
బాసు రూముల లండన్, వానకు తడుస్తున్నది.
నేనూ ఫిరాసత్ బుడగ గొట్టం ఆనిచ్చి చూసినం,
ఏ పట్నం గూడ వంకర పోవద్దని.

"లోకల్ టచ్ గూడ ఉండాలె కదా" అని
సౌజన్య మేడం రిసెప్షన్ వెనక గోడ చూపెట్టింది.
పన్నెండు అడుగుల చార్మినార్,
నలుపు తెలుపు, ఐదు ముక్కలు.

ముక్కకు ముక్క కలిపి అంటిస్తుంటే
రెండోదాని కాడ చెయ్యి ఆగింది.
గుల్జార్ హౌజ్ దిక్కు నుంచి తీసిన సాయంత్రం ఫొటో.
గడియారం ఉన్నది, పావురాలున్నయి,
తోపుడు బండి మీద జామపండ్ల కుప్ప,
ఒకాయన చాయ సాసర్ల వొంపుకొని ఊదుతున్నడు.
అంతా ఉన్నది గని
ఆకాశం మరీ సాఫు.

ఒక్క వైరు లేదు.

"తీగలేవి మేడం?" అన్న.
"కంప్యూటర్ల తీసేయించినం, క్లీన్‌గా లేకుండె" అన్నది.
మంచిగనే అన్నది.

మా నాయిన పోచమల్లు
శాలిబండల లైన్‌మన్, ఇరవై ఆరేండ్లు.
గాలివాన కొట్టిన రాత్రి
నిచ్చెన భుజానేసుకొని పొయ్యేటోడు.
ఏ తీగ ఎవరింట్ల ఫ్యాను తిప్పుతదో
ఏ పెండ్లి పందిరికి దొంగ కొక్కెమేసిన్రో
చీకట్ల తలెత్తి చూసి చెప్పేటోడు.
రంజాన్ నెలల, సహరికి ముందు కరెంటు పోతే
గల్లీ మొత్తం పేరు పట్టి పిలిచేది,
మల్లు భాయ్! మల్లు భాయ్!
కరెంటు రాంగనే అన్ని కిటికీలకెల్లి ఒకటే అరుపు.
ఆ అరుపు అయిపోయేదాక
స్తంభం దిగకపోతుండె అని
అమ్మ చానా ఏండ్లకు చెప్పింది.

పోస్టర్‌ల బల్బులైతే ఎలుగుతున్నయి.
దేంతోని ఎలుగుతున్నయో
తీసేసినోళ్ళకే ఎరుక.

నేనేమనలే. గాలి బుడగలు ఒత్తిన,
అంచులు కోసిన, గోడ తుడిచిన.
మేడం సెల్ఫీ దిగుతా నన్ను గూడ రమ్మన్నది.
చేతులకు గోందున్నదని పక్కకు జరిగిన.

బోరబండల మా రూముకు వచ్చేసరికి రాత్రి పది.
మా గోడకూ ఒక పట్నమున్నది,
రంగు తప్పు పడి వాపసొచ్చిన వెనిస్.
చెమ్మ కనపడకుండ నేనే అంటించిన.
రెండు వానకాలాలకు
గోడల నీళ్ళు ఆ ఊరి కాల్వలకెక్కినయి,
పడవ సగందాక ఉబ్బింది.
"ఆడ గూడ మూసీ ఉంటదా నాయినా?" అని
సింధూజ అడిగితే
ఉంటదేమో అని చెప్పిన.

సంచిలకెల్లి కోత మిగులు తీసి పరిచిన.
మూరెడు కాగితం,
మొత్తం ఆకాశమే.
బిడ్డ స్కెచ్ పెన్ను అందుకొని ఒక గీత గీసిన.
చెయ్యి వణికి నడుమ కిందికి జారింది.
జారనీ.
బిగ్గ గుంజితే చలికి తెగుతది,
జర వొదులు ఇడువాలె అనేటోడు నాయిన.
ఇంకోటి. ఇంకోటి. పదకొండు.
కొన్ని ఎటు పోతున్నయో నాకే తెల్వదు,
అవి గూడ గట్లనే ఉంటుండె.

సింధూజ పెన్ను గుంజుకొని
మూడో తీగకు ఒక చెప్పు వేలాడదీసింది.
ఒక్కటే చెప్పు.
"రెండోదేదే?" అన్న.
"కాలికే ఉన్నది. ఆయన కింద నిలబడి
పైకి చూస్తున్నడు నాయినా,
కాగితం సరిపోలే."