ఎడమ చెయ్యి: బలహీనం

పేరు పెన్నోబులేసు.
వయసు పంతొమ్మిది దాటి నాలుగు నెలలు.
ఎత్తు దగ్గర పెన్ను ఆగింది.
గోడకు ఆనించి గీత గీస్తే
అయిదడుగుల తొమ్మిది వచ్చింది కానీ
మడమ దగ్గర వేలు పెట్టి చూస్తే
సాక్సులు మూడు జతలు.
నేనేం అనలేదు. వాడూ ఏం అనలేదు.
రెండు జతలు విప్పి బెంచీ కింద పెట్టి
మళ్లీ వచ్చి గోడకు నిలబడినాడు.
ఎనిమిదిన్నర.
అదే రాసినాను.

అనంతపురంలో మార్చి, పొద్దున తొమ్మిదికే
సిమెంటు కోర్టు పెనంలాగ కాలుతోంది.
ఒక పక్క వల లేదు, ఉత్త రింగు.
బంతి పడిందో లేదో
పిల్లోళ్ల అరుపును బట్టి తెలుసుకోవాల.
డ్రాఫ్టు ఇంక పన్నెండు రోజులు.
ఎనిమిది జట్లు, ఒక్కరికీ పొట్టోడు అక్కర్లేదు.
బెంగళూరు నుంచి ఫోను:
"నంబర్లు పంపన్నా, కథలు వద్దు."

సరే, నంబర్లు.
అసిస్టులు తొమ్మిది. పోగొట్టిన బంతులు నాలుగు,
అందులో మూడు ఎడమ వైపు పోయినప్పుడే.
కర్నూలు నుంచి వచ్చిన గార్డు
మూడో నిమిషంలోనే అది కనిపెట్టినాడు.
కుడి దోవకు అడ్డంగా నిలబడి
ఎడమ వాకిలి బార్లా తెరిచిపెట్టినాడు, రమ్మని.
ఆ వాకిట్లోకి అడుగు పెట్టలేక
వీడు ఉన్నచోటనే బంతి కొట్టుకుంటా
ఇరవై నాలుగు సెకన్లలో పద్దెనిమిది తినేసినాడు.

కానీ వీని చూపుంది చూడు,
దానికి ఫారంలో గడి లేదు.
తల తిప్పకుండానే
వెనకాల ఎవరు కదిలిందీ తెలుస్తుంది.
ఎట్ల నేర్చుకుంటివప్పా అంటే
"మా నాయనది షేర్ ఆటో సార్,
టవర్ క్లాక్ నుంచి తపోవనం దాంక.
వెనక రాడ్డు పట్టుకోని నిలబడేది నేనే.
ఎవరు యాడ దిగుతారో
నోరు తెరిచేకి ముందే తెలియాల,
లేదంటే స్టాపు దాటినాక తిడతారు."

ఆఖరి ఏడు సెకన్లు. ఒక్క పాయింటు వెనక.
వీని ముందర ఎవరూ లేరు,
ఎగిరి వేస్తే చాలు.
వేయలేదు.
రింగు కింద జిలానీకి ఇచ్చినాడు,
ఆ పొద్దు ఆరు వేసి
ఒక్కటీ పడని జిలానీకి.
ఏడోదీ పడలేదు.

ముప్పై ఏండ్ల కిందట నేనైతే వేసేవాణ్ణి.
వేసినాను కూడా, గుంతకల్లు రైల్వే గ్రౌండులో,
ఇద్దరు ఖాళీగా ఉంటే చూసి కూడా...
కథలు వద్దన్నారు గదా.

నీళ్ల బాటిలు చేతికిచ్చి అడిగినాను,
ఎందుకు వేయలేదురా?
మొహం తుడుచుకుంటా, నిజంగానే ఆలోచించి చెప్పినాడు:
"రెండో క్వార్టర్ కాడ్నుంచీ
చెయ్యెత్తుకోనే ఉండాడు సార్ వాడు."

నిర్ణయం తీసుకునే శక్తి, పదికి ఎంత?
నాలుగు వేసినాను.
కొట్టేసి ఏడు.
నాలుగు కనపడకుండా దిద్దబోతే
కాగితం చినిగింది.

పోతా పోతా చెప్పినాను:
ఎడమ చేత్తో పండ్లు తోము. తాళం తియ్యి. బకెట్టు ఎత్తు.
అన్నం తప్ప అన్నీ దాంతోనే.
పన్నెండు రోజుల్లో ఏమీ మారదు.
అయినా చెయ్యి.

మర్నాడు స్టేషనుకు పోదామని
టవర్ క్లాక్ కాడ నిలబడి ఉంటే వచ్చిందా ఆటో.
కుడి చెయ్యి రాడ్డు మీద,
ఎడమ చేత్తో చిల్లర పంచుతా ఉండాడు.
శనిక్కాయల సంచి ఒళ్లో పెట్టుకున్న ముసలామె
గయ్యిమని లేచింది:
"ఎడమ చేత్తో ఇస్తావేమిరా నాకు దుడ్లు?
మీయమ్మ నేర్పలేదా?"
"నేర్పింది అవ్వా,
ఇంక పదకొండు దినాలు ఓర్చుకో," అంటానే
ఆటో పక్కను రెండుసార్లు తట్టినాడు.
ఆటో ఆగింది.
మూలన కూర్చున్న ఖాకీ చొక్కా ఆయన
దిగుతాననడానికి
ఇంకా నోరు తెరవనే లేదు.

సంచిలోంచి ఫారం తీసి
"ఎడమ చెయ్యి: బలహీనం" తర్వాత ఉన్న చుక్కకు
కింద చిన్న తోక గీసి కామా చేసినాను.
దాని వెనక ఏం రాయాలో
గుంతకల్లు వచ్చినా తోచలేదు.