సగం అద్దె

శృంగవరపుకోట బస్టాండు వెనక
టైర్ల కొట్టుకీ జీళ్ల బండికీ మధ్య
ఇనపతీగ మీద వేలాడుతుంటాయి
తవిటయ్య బూట్లు,
లేసులు ముడేసిన జంటలుగా,
ఎండబెట్టిన చేపల్లా నోళ్లు తెరుచుకుని.

రోజుకి నలభై. వానాకాలం అరవై.
కొండకి ఎల్లీవోళ్లకే ఇస్తాడు.
పోలీసు వేలంలో కొన్నవి కొన్ని,
కరెంటు టవర్లు పాతినోళ్లు
వదిలేసి పోయినవి కొన్ని.

"ఏ ఊరు బాబూ?"
"ఎగువ ఉసిరిగరువు. ఇళ్ల సర్వే."
నా మొహం చూడలేదు, పాదాలు చూశాడు.
"ఎనిమిది నేదు. తొమ్మిదుంది.
కాయితం కుక్కి ఇత్తాను, ఏటవదు."
మంగళవారం పేపరు నలిపి
బొటనవేలి చోట కూరాడు.
నా చెప్పులు తాకట్టు.
మేకుకి తగిలిస్తే అవి
సెలవు దొరికిన గుమస్తాల్లా ఊగాయి.

నాకన్నా ముందు ఎవరు నడిచారో వీటిలో.
మడమ దగ్గర ఒక గుంట,
నాది కాని బరువు తవ్వింది.
ఎడమది కాస్త లోపలికి ఒరిగి ఉంది,
ఆ కాలొక్కటే భయపడినట్టు.

దిగువూరు దాటితే ఎర్రమట్టి.
అడుగేస్తే పట్టుకుని వదలదు,
వడ్డీ అడిగే మనిషిలా.
తర్వాత జీడితోటల కింద
నల్లటి ఆకుకుళ్లు, జారుడు, జలగలు.
బూటు పళ్లు నేలని కరుచుకుంటుంటే
నిజం చెప్పాలంటే
నా మీద నాకే కొంచెం గౌరవం పుట్టింది.

గెడ్డ దగ్గర ఆగాను.
నీళ్లు మోకాలి ఎత్తు,
మరిగి మరిగి చిక్కబడ్డ టీ రంగు.
అవతలి గట్టు మీద దారి
వెదురుల్లోకి మలుపు తిరిగింది.
పైన ఎక్కడో కోడి కూసింది.
నాలుగింటికి ఆఖరి బస్సు.

రాయి మీద కూర్చుని ఫారాలు తీశాను.
పద్నాలుగు గడపలని
దిగువూరిలో ఎవరో అన్నారు కదా,
పద్నాలుగూ రాశాను.
కప్పు: గడ్డి. నేల: మట్టి. మరుగుదొడ్డి: లేదు.
ఇంటికి ఇంతమందని
నా చుట్టాల ఇళ్లు తలుచుకుని వేశాను.
చేతిరాత ఎప్పుడూ లేనంత గుండ్రంగా వచ్చింది.

సాయంత్రం తవిటయ్య బూటు బోర్లించి
సైకిలు స్పోకుతో పళ్ల సందులు గీకాడు.
పాత కేలండరు మీద
పెళ్లలు పెళ్లలుగా రాలింది నా ప్రయాణం.
"ఇది దిగువూరు." ఎర్రది.
"ఇది జీడితోట." నల్లది.
స్పోకు ఇంకా వెతుకుతూనే ఉంది.
రెండో బూటు కూడా తిరగేశాడు.

"ఎగువూరి మట్టి పసుపుగుంటాది బాబూ.
కడిగినా వారం దాకా వదల్దు."

గెడ్డ పొంగిందన్నాను.
"పొంగే ఉంటాది," అన్నాడు,
నిజంగా నమ్మినవాడిలాగే.
గల్లాపెట్టె తెరిచి
మూడు పది రూపాయల నోట్లు
చేతిలో పెట్టాడు.
"సగం దారికి సగం అద్దె."

చెప్పులు తొడుక్కుంటే
నా కొలతవే, నావి కానట్టున్నాయి.

రెండు రోజులు ఫారాలు సంచిలోనే ఉన్నాయి.
సూపరింటెండెంటు మూడుసార్లు ఫోను చేశాడు.
టీ తాగాలన్నా, బస్సు టిక్కెట్టుకైనా
ఆ ముప్పై మాత్రం తీయలేకపోయాను.
జేబులో మడత పడి
గోరు సందున మట్టిలా గుచ్చుకునేవి.

మూడో రోజు వాన ఇంకా తగ్గలేదు.
పట్టా కింద తవిటయ్య
ఎవరిదో గొడుగు కుడుతున్నాడు.
మూడు నోట్లూ పీట మీద పెట్టాను.
ఎందుకని అడగలేదు.
తీగ మీంచి తొమ్మిదో నంబరు దించాడు.
లోపల మంగళవారం పేపరు అలాగే ఉంది,
నా వేళ్ల అచ్చుతో.

లేసు బిగిస్తుంటే
మూల నుంచి వెదురు కర్ర ఒకటి తీసి
నా పక్కన ఆనించాడు.
"గెడ్డలో ముందు ఇది దింపండి,
తరవాత కాలు.
దీనికి అద్దె నేదు."