రెండు వేళ్ల సందు

సొహార్‌లో రాత్రి రెండున్నర.
నాలుగో బెడ్డు రాజలింగు
మాస్కు పీకెయ్యడం ఇది మూడోసారి.
"ఊపిరాడ్తలేదు చెల్లె" అంటాడు,
ఊపిరి కోసం పెట్టినదాన్నే దూరంగా నెట్టి.

చార్టులో ‘సహకరించడం లేదు’ అని ఉంది.
ఆ మాట రాసినవాళ్లు
పంతొమ్మిదేళ్లు ఓడల పొట్టల కింద
ఇసుక బ్లాస్టింగు టోపీలో తల దూర్చి ఉండరు.
గొట్టంలో వచ్చే గాలికి నూనె వాసన,
కళ్లెదుటి అద్దం మీద ఇసక వాన.
"గొట్టం దొక్కిండ్రు... ఒకపారి... ఎవలో... సూడక"
నాలుగు ఊపిర్లు ఖర్చయ్యాయి
ఆ ఒక్క ముక్కకి.

ఈజిప్టు డాక్టర్ని నిద్రలేపి అడిగి
ఒత్తిడి తగ్గించాను,
వేడి పాలగ్లాసు మీద ఊదినంత.
పట్టీలన్నీ విప్పేశాను.
ఉత్త మాస్కు, కొబ్బరిచిప్పలా,
అతని అరచేతిలో పెట్టి
నువ్వే పట్టుకో అన్నాను.
వద్దనుకున్నప్పుడు తీసెయ్.

ముందు జానెడు దూరం.
చాలాసేపటికి బెత్తెడు.
ఆ తర్వాత మీసానికి ఆనింది.
మీసం పక్కనుంచి గాలి తప్పించుకుని
మిషన్ కీచుమంది.
గీసెయ్యనా?
తల అడ్డంగా ఊపాడు, అంత ఆయాసంలోనూ.
సరే. మీసం ఉంటుంది, కీచూ ఉంటుంది.

ముక్కు దూలం మీద కమిలిన చోట మెత్తటి అతుకు,
పెదాలకి తడిపిన గాజుగుడ్డ,
తేమ డబ్బాలో నీళ్లు.
గాలి కంట్లోకి కొట్టకుండా పైఅంచు సర్ది
పట్టీ కింద
రెండు వేళ్లు దూరేంత సందు వదిలాను.
మా రాజోలులో లేగదూడకి పలుపు కట్టినా
ఇంతే వదులుతాం అన్నాను.
నవ్వాడనుకుంటా,
మాస్కు లోపల ఆవిరి పట్టింది.

మాట కుదరదు గనక వేళ్లతో ఒప్పందం:
ఒక వేలు, నీళ్లు.
రెండు వేళ్లు, వదులు చెయ్యి.
పిడికిలి బిగిస్తే, ఏ పనిలో ఉన్నా వచ్చి తీసేస్తాను.
ఆరింటికి ఎలాగూ తీస్తాను, డాక్టరు సరేనంటే
రెండు గుక్కల సులేమానీ,
నీకు తోచినన్ని మాటలు.

నాలుగు దాటింది. పిడికిలి రాలేదు.
సక్షన్ బాటిల్ మార్చాను,
ఏడో బెడ్డు ముసలామెని పక్కకి తిప్పాను.
పోర్టు వైపు మసీదులో ఫజర్ అజాన్ మొదలయ్యే వేళ
చెయ్యెత్తాడు.
ఒక వేలు కాదు. రెండూ కాదు.
అరచెయ్యి చాపి
మంచం పక్కనున్న స్టూలు చూపించాడు.

ఒప్పందంలో లేని సైగ.
ఏడింటికి డ్యూటీ ఎక్కాక
మొదటిసారి కూర్చున్నాను.
మిషన్ కీచుమంటూనే ఉంది.